న్యూయార్కులో ఇంటిపోరు

మన దేశమున ఎన్నికలు సమీపించినప్పుడు టిక్కెట్టు దొరకనివారు పక్ష కార్యాలయము ముందు చేయు గలభాను పాఠకులు పలుమారు చూచియే యుందురు. అధిష్ఠానవర్గము తలచినవానికి బి-ఫారము చేతికి వచ్చును. తక్కినవారు తిరుగుబాటు అభ్యర్థులగుదురు, లేదా అలిగి ఇల్లు చేరుదురు. అభ్యర్థి నిర్ణయములో సామాన్య సభ్యునకు ఓటు లేదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఆ ఓటు కలదు. సార్వత్రిక ఎన్నికకు ముందు ప్రభుత్వ పర్యవేక్షణ క్రింద మరియొక ఎన్నిక జరుగును. దానిని ప్రైమరీ యందురు. న్యూయార్కు రాష్ట్రమున పక్షమునందు పేరు నమోదు చేసికొన్నవారే అందు ఓటు వేయుదురు. గెలిచినవారే పక్షపు అభ్యర్థి. ఇట్టి హక్కు చట్టముచే సంక్రమించియుండియు అచ్చటి స్థానిక నాయకులకును, వారి నెదిరించి నిలుచు కొత్తవారికిని నడుమ పోరు ఆగలేదు. హక్కును కాగితముపై ఉండనిచ్చియే నిష్ఫలము చేయుట ఎట్లో, అట్లు చేసినవారికే అది తుదకు ఎట్లు చేటు తెచ్చెనో తెలియుటకు ఆ నగరమునందలి క్వీన్సు కౌంటీ చరిత్ర చాలును.

ఈ హక్కు నాయకులు దయతలచి యిచ్చినది కాదు. విస్కాన్సిన్ గవర్నరు లాఫాలెట్ సంవత్సరముల తరబడి పోరాడి, 1904లో ప్రజల ఓటుచే ఈ చట్టమును తన రాష్ట్రమున స్థిరపరచెను. న్యూయార్కులో టామనీ హాలు అను పక్షసంఘము దీనిని గట్టిగా ప్రతిఘటించినది. ఆ సంఘపు మద్దతుతోనే గవర్నరైన విలియం సల్జరు ప్రైమరీ చట్టమునకై పట్టుబట్టి దానితో కలహించగా, 1913లో శాసనసభ అతనిని అభిశంసించినది, అక్టోబరులో అతడు పదవినుండి తొలగింపబడెను. ఎన్నికల నిధుల లెక్కలు దాచెనన్నది మోపిన నేరము. ఆ ఆరోపణలో నిజము లేకపోలేదు. కాని టామనీతో చెడియుండనిచో ఆ లెక్కల నెవరు తిరుగవేసియుందురు? విచిత్రమేమనగా, అతడు పోయిన రెండు నెలలకే ఆ చట్టము ఆమోదము పొందెను.

చట్టము వచ్చినంతమాత్రమున నాయకులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. న్యూయార్కులో ప్రైమరీకి నిలువదలచినవాడు పక్షసభ్యుల సంతకములు కూర్చవలెను. కాంగ్రెసు స్థానమునకు 1,250. సంతకములను ఎదుటిపక్షపు వకీళ్లు ఒక్కొక్కటిగా పరీక్షించి, చిరునామా తప్పనియు, తేది సరిగా లేదనియు ఆక్షేపింపవచ్చును. ధనమును వకీళ్లును లేని కొత్తవాడు ఓటరును చూడకమునుపే న్యాయస్థానములో అలసిపోవును. ఇంతకంటెను విశేషము మరియొకటి కలదు. పోటీ లేనిచో అచ్చట ప్రైమరీయే జరుగదు. ఉన్న ఒక్కడు ఓటు లేకుండగనే అభ్యర్థియగును. కాబట్టి పోటీని రానీయకుండుటయే స్థానిక నాయకత్వపు ముఖ్యవిద్యగా పరిణమించినది.

జోసెఫ్ క్రౌలీ ఈ విద్యకు ఫలము. 1998లో క్వీన్సు పక్షాధ్యక్షుడును కాంగ్రెసు సభ్యుడునగు థామస్ మాంటన్ మరల పోటీ చేయుదునని పత్రములు దాఖలు చేసి, గడువు తీరువేళ విరమించుకొనెను. ఆ ఖాళీని పూరించు అధికారము పక్షపు చిన్న కమిటీది. వారు క్రౌలీ పేరు వ్రాసిరి. ప్రైమరీ ఓటరు ముఖము చూడకయే ఆయన వాషింగ్టను చేరెను. మాంటన్ మరణానంతరము 2006లో కౌంటీ అధ్యక్షపదవియు ఆయనదే యయ్యెను. 2018 నాటికి ప్రతినిధిసభలో డెమొక్రాటిక్ పక్షపు నాయకశ్రేణిలో నాలుగవస్థానమున నుండి, రేపో మాపో సభాపతి యగునని చెప్పుకొనబడినవాడు. అయినను 2004 తరువాత పదునాలుగేండ్లు ప్రైమరీలో ఆయన పేరు ఓటుపత్రముపై కనబడలేదు.

ఆ సంవత్సరము ఎదిరించినది ఇరువది యెనిమిదేండ్ల అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్. మద్యశాలలో పనిచేసి జీవించిన యువతి. క్రౌలీ వ్యయము ఆమె వ్యయమునకు పదిరెట్లకు మించెను. ఒక చర్చాసభకు తాను రాక, మాజీ నగరసభ్యురాలినొకతెను తన బదులు పంపెను. జూన్ 26న ఓట్లు లెక్కింపగా ఆమెకు నూటికి దాదాపు 57 వచ్చెను. ఆ రాత్రి క్రౌలీ గిటారు చేతబూని ఒక పాటను ఆమెకు అంకితము చేసి వాయించెనట. ఓటమిని అంత హుందాగా స్వీకరించినవారు అరుదు. కాని ఓడినది ధనము చాలక కాదు, మనుషులు చాలక కాదు. పదునాలుగేండ్లు ఓటు అడుగని సంస్థకు ఓటు అడుగుట మరపునకు వచ్చినది. పోటీని అడ్డిన గోడయే లోపలివారిని దుర్బలులను చేసెను.

పాఠము నేర్చినారా? 2019 మార్చిలో ప్రతినిధిసభ ఎన్నికలను చూచు డెమొక్రాటిక్ కమిటీ, సభ్యుల నెదిరించువారికి పనిచేయు ప్రచారనిపుణులకు తాము పని యియ్యమని ప్రకటించినది; రెండేండ్లకు ఆ నిషేధమును ఎత్తివేసినది. అదే 2019 జూన్‌లో క్వీన్సు జిల్లా అటార్నీ పదవికై జరిగిన ప్రైమరీలో ఎన్నికరాత్రి టిఫనీ కబాన్ సుమారు 1,100 ఓట్ల ఆధిక్యములో నుండెను. మిగిలిన కాగితపు ఓట్లు లెక్కకు వచ్చి, పునఃపరిశీలన ముగిసినపిమ్మట పక్షనాయకత్వము నిలిపిన మెలిండా కాట్జ్ సుమారు 60 ఓట్లతో గెలిచినది. కవరుపై పక్షము పేరు వ్రాయలేదన్నవంటి కారణములచే చెల్లనివైన ఓట్లను గూర్చి ఇరుపక్షముల వకీళ్లును వాదించుకొనిరి. గెలుపును దొంగగెలుపని మేమనజాలము. అయినను ఓటరు సంకల్పముకంటె కవరుమీది వ్రాతకు విలువ హెచ్చినచోట ఓడినవారికి శాంతి కలుగుట దుర్లభము.

నాయకుల పక్షమునను చెప్పదగినది లేకపోలేదు. ఏడు లక్షల జనమున్న నియోజకవర్గమున క్రౌలీ ప్రైమరీలో ఓటు వేసినవారు ముప్పదివేలకు లోపు. ఏడాది పొడుగున వీథులు తిరిగి పక్షమును నిలబెట్టునది మేము, ఒక్కనాటి ఉత్సాహముతో వచ్చినవారు దానిని తన్నుకొనిపోవుట న్యాయమా అని వారడుగుదురు. ఈ ప్రశ్నకు బఫెలో నగరము బలమిచ్చినట్లే కనబడును. 2006 నుండి మేయరుగా నుండి, మూడేండ్లు రాష్ట్రపక్షాధ్యక్షుడుగను పనిచేసిన బైరన్ బ్రౌన్, 2021 జూన్ ప్రైమరీలో ఇండియా వాల్టన్ అను నర్సుచేత ఓడెను. ఆమెతో చర్చకే ఆయన ఒప్పుకొనలేదు. ఓడినపిమ్మట తీర్పునకు తలవంచక, గడువు దాటినను స్వతంత్రుడుగా పేరెక్కించుకొనుటకు న్యాయస్థానముల నాశ్రయించి, అది సాగక, ఓటర్లు స్వహస్తముతో తన పేరు వ్రాయవలెనని కోరెను. పేరు వ్రాయ కష్టమగువారికి ముద్రలు పంచిపెట్టిరి. నవంబరులో నూటికి ఇంచుమించు అరువదిమంది ఆయనకే ఓటిచ్చిరి.

ఇందు గమనింపదగినది ఫలితము కాదు. నగరప్రజలు తమకు కావలసినవారిని ఎన్నుకొనిరి, అది వారి హక్కు. అయితే పక్షనాయకుడు చేసినదేమి? ఆ కౌంటీ పక్షాధ్యక్షుడు ప్రైమరీలో గెలిచినామెవెంట నిలిచెను, అది ధర్మము. రాష్ట్రాధ్యక్షుడు జే జాకబ్స్ నిలువలేదు సరికదా, తిరస్కరించుటను సమర్థించుకొనుటకు అనుచితమైన ఉపమానమొకటి చెప్పి క్షమాపణ వేడుకొనవలసివచ్చెను. కొత్తవారు ఓడినప్పుడు పక్షక్రమశిక్షణ పేరిట తలవంచవలెననియు, తాము ఓడినప్పుడు మనస్సాక్షి పేరిట తప్పుకొనవచ్చుననియు చెప్పు నాయకుని మాట ఎవడు నమ్మును? ఓటర్లు తక్కువన్న వాదమును ఇట్టిదే. 2018లో ఆ రాష్ట్రమున కాంగ్రెసు స్థానములకు ప్రైమరీ జూన్‌లో, రాష్ట్రపదవులకు సెప్టెంబరులో జరిగెను. పక్షము మార్చుకొని నమోదు చేసికొనువాడు క్రిందటి అక్టోబరులోనే చేసికొనవలెను. జనము రాకుండ తలుపులు మూసి, జనము రాలేదని ఫిర్యాదు చేయుట చిత్రము. ఈ నిబంధనలు 2019లో కొంత సడలినవి.

2025లో ఈ కథయే నగరమంతటికిని వ్యాపించెను. 2020లో క్వీన్సులోనే పదవిలోనున్న శాసనసభ్యురాలిని ప్రైమరీలో ఓడించి వచ్చిన జొహ్రాన్ మమ్దానీ, జూన్ 24న మేయరు పదవికై మాజీ గవర్నరు ఆండ్రూ క్వోమోను ఓడించెను. క్వీన్సు పక్షాధ్యక్షుడు గ్రెగరీ మీక్స్ ప్రైమరీలో క్వోమోను బలపరచియుండెను. క్వోమో ఓడియు స్వతంత్రుడుగా మరల నిలిచెను. జాకబ్స్ తమ పక్షపు అభ్యర్థికి మద్దతీయనని ఈమారును చెప్పెను. బఫెలో ఎత్తుగడ ఇచ్చట పారలేదు. నవంబరులో మమ్దానీ సగమునకు మించిన ఓట్లతో గెలిచెను.

స్థానిక నాయకులకు చేజారని దుర్గమొకటి మిగిలియున్నది. రాష్ట్ర సుప్రీంకోర్టు అని పిలువబడు విచారణ న్యాయస్థానపు న్యాయాధిపతుల అభ్యర్థిత్వమును అచ్చట ప్రైమరీ కాక పక్షముల ప్రతినిధిసమావేశములు నిర్ణయించును. బ్రూక్లినులో న్యాయాధిపతిగా నుండిన మార్గరీటా లోపెజ్ టోరెస్, నాయకులు సిఫారసు చేసినవారికి ఉద్యోగములియ్య నిరాకరించినందున తనకు ఉన్నతపీఠము దక్కలేదని వ్యాజ్యము వేయగా, సంయుక్తరాష్ట్రముల అత్యున్నత న్యాయస్థానము 2008లో ఏకగ్రీవముగా ఆ పద్ధతి రాజ్యాంగమునకు విరుద్ధము కాదని తీర్పుచెప్పెను. ఆ పద్ధతిని మార్చు అధికారము రాష్ట్ర శాసనసభది; ఆ సభలో కూర్చుండువారిలో పెక్కురు ఈ సమావేశములను నడపు సంఘముల చలువచేత వచ్చినవారే.