పిల్లల్ని జామియాకు తీసుకుపోండి, పిక్నిక్‌కు కాదు

మన ఇళ్లల్లో ఉస్మానియా యూనివర్సిటీ మాట వస్తే చాలు, అందరి సీనా చౌడా అవుతుంది. నిజాం సర్కార్ కట్టించింది, మన జుబాన్‌లో డాక్టరీ, ఇంజనీరింగ్ చదివించింది అని. ఏ జల్సాకు పోయినా ఈ తఖ్రీర్ వినకుండా ఇంటికి రాము. సరే, బాగానే ఉంది. మరి కాచిగూడ, బర్కత్‌పురా, బాగ్ అంబర్‌పేట గల్లీల్లో చదువుకునే మన పిల్లల్లో ఎంతమంది ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఒక్క పూట కూర్చున్నారు? ఆ గులాబీ రంగు రాయి మీద ఎంతమంది చెయ్యి పెట్టి చూశారు?

దూరం అనేది బహానా మాత్రమే. కాచిగూడలో ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కితే విద్యానగర్, జామియా ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజీ. మూడో స్టేషన్. యాకుత్‌పురా, దబీర్‌పురా పిల్లలకైనా అదే పట్రీ, అదే బండి. టికెట్‌కు ఒక చాయ్ ఖరీదు కూడా కాదు.

మన బడుల హాల్ దాచాల్సిన సంగతేం కాదు. కిరాయి ఇల్లు, రెండు అంతస్తులు, కింద జిరాక్స్ దుకాణం. అసెంబ్లీ మెట్ల మీద, ఆటల పీరియడ్ క్లాసులోనే. బడికి మైదాన్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే రాసి ఉంది. చట్టం ఫైల్లో ఉంది, పిల్లలు గదిలో ఉన్నారు. సర్కారీ ఉర్దూ మీడియం బడులదీ చాలా చోట్ల ఇదే కథ. మదర్సాల సంగతి చెప్పక్కర్లేదు. జుహర్ తర్వాత కాసేపు మసీదు సహన్‌లో పరుగెత్తనిస్తే అదే పెద్ద ఆట.

దీనికి మన దగ్గరున్న ఇలాజ్ ఏడాదికో పిక్నిక్. బస్సు మాట్లాడతారు, బిర్యానీ డబ్బాలు కడతారు. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం జూ, సాయంత్రం ఫొటోలు వాట్సాప్ గ్రూపులో. పైసలు కట్టలేని పిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండిపోతారు. నేను పిక్నిక్‌కు దుష్మన్‌ను కాదు. కానీ దాన్ని తాలీమ్ అనకండి. ఒక్కసారి చూసిన చోటు గుర్తుండేది బిర్యానీ వల్లనే. తాలీమ్ కావాలంటే ఒకే చోటికి పదిసార్లు పోవాలి. అదే చెట్టు ఆకు రాల్చడం, చిగురు వేయడం, పూయడం, కాయడం చూడాలి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా గడపమంది. ఆ పది రోజులకు మన దగ్గర జాగా ఉంది. ఆ జాగా జామియా.

ఈ క్యాంపస్‌కు, పిల్లల చదువుకు ఉన్న రిష్తా కొత్తది కాదు. ఉస్మానియాకు ఎక్కడ జాగా తీసుకోవాలో చూడమని అప్పటి సర్కార్ ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ పెద్దమనిషిని అడిగింది. 1923లో ఆయన రిపోర్టు ఇచ్చాడు. ఈ గెడ్డెస్ పట్టణాల నక్షాలు గీసేవాడే కాదు, చెట్లూ జీవాలూ చదివిన సైన్సు మనిషి కూడా. ఎడిన్‌బరో పాతబస్తీ ఇరుకు గల్లీల్లో ఖాళీ జాగాలు వెతికి, అక్కడి పేద పిల్లల కోసం చిన్న చిన్న తోటలు వేయించాడు. చదువు దిల్‌తో మొదలై చేతికి వచ్చి, ఆ తర్వాతే దిమాగ్‌కు చేరాలన్నది ఆయన ఖయాల్. మన పాతబస్తీ పిల్లలకు ఇంతకన్నా దగ్గరి మాట ఏముంటుంది? తర్వాత బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ నక్షాలు గీశాడు. 1934 జూలై 5న పునాదిరాయి పడింది. జాస్పర్ వెళ్లిపోయాక జైన్ యార్ జంగ్ దగ్గరుండి కట్టించాడు. 1939లో ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. ఈ తారీఖులు మన పిల్లలకు బట్టీ పెట్టించనక్కర్లేదు. ఆ కట్టడం ముందు నిలబెట్టి, కాగితం, పెన్సిల్ ఇచ్చి, కనబడిన స్తంభాలూ కమాన్లూ గీయమనండి. గుడి తరహా స్తంభం ఎక్కడుందో, మసీదు తరహా కమాన్ ఎక్కడుందో వాళ్లే వెతికి పట్టుకుంటారు. రెండూ ఒకే గోడలో ఎలా ఇమిడాయని ఎవడో ఒకడు అడుగుతాడు. ఆ సవాల్ కోసమే కదా అంతదూరం పోయింది.

ఎనిమిదో తరగతి లెక్కల సంగతి చూడండి. తెలుగులో నిష్పత్తి, ఉర్దూలో నిస్బత్. నిస్బత్ అంటే మన పిల్లలకు తెలిసింది పెళ్లి సంబంధమే. అప్పీకి నిస్బత్ కుదిరింది అంటే అర్థమవుతుంది, లెక్కల పుస్తకంలో నిస్బత్ అంటే మొహం తెల్లబోతుంది. ఒక గజం కట్టె నిలబెట్టి దాని నీడ కొలవండి. అదే నిమిషంలో చెట్టు నీడ కొలవండి. చెట్టెక్కకుండా చెట్టు ఎత్తు చెప్పేస్తారు. ఆ రోజు నుంచి ఆ మాట ఎవరూ మళ్లీ నేర్పక్కర్లేదు.

జుబాన్ విషయానికి వస్తే నాకు ఇంకా ఆశ ఉంది. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీ తెలుగులో చేసినవాణ్ణి. రెండు భాషల మధ్య ఒక చెట్టు నిలబడితే ఎంత ఖుషీగా ఉంటుందో నాకు తెలుసు. నీమ్ వేప, ఇమ్లీ చింత, జామున్ నేరేడు, పీపల్ రావి, బర్గద్ మర్రి. గుల్‌మొహర్‌ను తెలుగులో తురాయి అంటారు. తురాయి అంటే తలపాగా మీద పెట్టే కుచ్చు, మన తుర్రా. మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టుకు ఒకరు ఫార్సీ పేరు పెట్టారు, ఒకరు తలపాగా పేరు పెట్టారు. ఉస్మానియా కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టి సైన్సు పుస్తకాలన్నిటికీ ఉర్దూ మాటలు వెతికారు. మన పిల్లలు క్యాంపస్‌లో ఒక ఇరవై చెట్లకు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు పేర్లు రాసి, ఆకు అంటించి, ఒక కితాబ్ తయారు చేస్తే అది చిన్న దారుల్ తర్జుమాయే.

ఇంటికి వచ్చేటప్పుడు స్టేషన్ల పేర్లు, బస్తీల పేర్లు చదివించండి. సీతాఫల్‌మండి, నింబోలీ అడ్డా, ఇమ్లీబన్, జామ్‌బాగ్, బాగ్ లింగంపల్లి. నింబోలీ అంటే వేపపండు అని కాచిగూడలో పుట్టిన పిల్లవాడికి తెలియకపోతే తప్పు వాడిది కాదు, వేపచెట్టు చూపించని మనది. కాచిగూడ పేరే కూరగాయలు పండించే కాచీల మీద వచ్చిందంటారు. ఈ షహర్‌లో బాగ్ పోయింది, పేరు బోర్డు మీద మిగిలింది.

ఇక దీన్ మాట. ఖురాన్‌లో ఒక సూరా పేరు తేనెటీగ, నహ్ల్. ఒకటి చీమ, నమ్ల్. ఒకటి సాలీడు, అన్‌కబూత్. మన పిల్లలు ఈ పేర్లు వరసగా అప్పజెబుతారు, మాషా అల్లా. కానీ చీమల బారు ముందు పది నిమిషాలు కదలకుండా కూర్చున్న పిల్ల ఎవరైనా ఉందా? చీమ ఎదురొచ్చిన చీమ దగ్గర ఆగి ఏం చేస్తుంది, దారిలో పుల్ల అడ్డం పెడితే ఎటు తిరుగుతుంది? అల్లాహ్ తన కుద్రత్‌ను చూడమన్నాడని మైకులో చెప్పే ఉస్తాద్‌లకు నా గుజారిష్ ఒక్కటే. చూడమని చెప్పి కిటికీ మూసేయకండి. మక్తబ్ పిల్లల్ని నెలకో జుమేరాత్ పొద్దున బయటికి తీసుకురండి.

మాహ్ లఖా బాయి గురించి పిల్లలకు చెప్పాలా వద్దా అని కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. చెప్పాలి. ఇప్పుడు యూనివర్సిటీ ఉన్న అడిక్‌మెట్ వైపు జమీన్ ఆమె జాగీర్‌లోది. 1768లో పుట్టి 1824లో పోయింది. ఉర్దూలో దీవాన్ అచ్చయిన మొదటి ఆడమనిషిగా ఆమెను చెప్పుకుంటారు. మజార్ మౌలా అలీ కొండ కింద ఉంది. ఆమె కాలం నాటిదని చెప్పే మెట్లబావి కూడా ఈ వైపే ఉంది. తవాయిఫ్ అన్న ఒక్క మాట పట్టుకుని ఆమె షాయిరీ, ఆమె బావులు, ఆమె తోటలు అన్నీ దాచేస్తే, షాయిర్ కావాలనుకునే మన ఆడపిల్లలకు ఈ షహర్‌లో చూపించడానికి ఎవరు మిగులుతారు? చిన్న తరగతులకు బావి, తోట చాలు. పెద్ద తరగతులకు మిగతాది చెప్పొచ్చు, అదబ్‌తో.

బావి అన్నాక కుతుబ్‌షాహీ గుంబద్‌ల సంగతి చెప్పకుండా ఉండలేను. 2013లో అక్కడి బడీ బావ్లీ గోడ వానలకు కూలింది. ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్లు, సర్కారు పురావస్తు శాఖ కలిసి రాయి రాయి పేర్చి నిలబెట్టారు. గోల్కొండ మెట్లబావుల మరమ్మతుకు 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. మొత్తం పార్కు పని ముగిసి 2024 జూలైలో సర్కారుకు అప్పగించారు. సున్నం గచ్చు ఎలా కలుపుతారో తెలిసిన మేస్త్రీలు ఈ షహర్‌లోనే ఉన్నారని ఆ పని చూపించింది. ఆ మేస్త్రీల్లో ఒకర్ని ఒక పూట బడికి పిలిపించండి. వాళ్ల చేతిలో ఉన్న ఇల్మ్‌ను మనం ఇల్మ్ అనడం లేదు, మజ్దూరీ అంటున్నాం.

ఖర్చు ఎక్కువని మేనేజ్‌మెంట్లు అంటాయి. కొలత టేపు, కట్టె, అట్టలు, పెన్సిళ్లు, రైలు టికెట్. యాన్యువల్ డే స్టేజీ లైట్ల కిరాయిలో సగం కూడా కాదు. సిలబస్ వెనకబడుతుందని టీచర్లు అంటారు. నీడ కొలవడం సిలబస్సే.

అమ్మీల సవాళ్లు వేరు, అవి ఖరీ సవాళ్లు. ఆడపిల్లలకు బాత్‌రూమ్ ఎక్కడ? ఎండదెబ్బ తగిలితే? నమాజ్ వేళ అయితే? ఒక తల్లి నన్ను సూటిగా అడిగింది, "భాయ్‌సాబ్, అక్కడ రోజూ ధర్నాలే కదా?" అని. ఇలాంటివి అడిగే అమ్మీలను విసుక్కోకండి, వాళ్లనే వెంట తీసుకుపోండి. ఇజాజత్ కోసం బడి లెటర్‌హెడ్ మీద ముందే దరఖాస్తు పెట్టి, ఏ డిపార్ట్‌మెంట్‌లో బాత్‌రూమ్, మంచినీళ్లు దొరుకుతాయో అడిగి రాయించుకోండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పోయి, జుహర్‌కు ముందే వాపస్ రావచ్చు. ఆ రోజు క్యాంపస్‌లో ధర్నా ఉందో లేదో పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఉంటే మరుసటి వారం. పది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి, రైలు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు గిన్తీ. మొదటిసారి నలభై మందిని కాదు, ఇరవై మందిని, ఒకే తరగతిని తీసుకుపోండి. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో చెట్టు ఎంచుకుని పేరు రాసుకోవాలి, రెండోసారి పోయినప్పుడు నేరుగా ఆ చెట్టు దగ్గరికే పోవాలి.