వినుట నేర్చిన వీరుడు

మా వినుకొండకు ఆ పేరు వచ్చుటకు పెద్దలు చెప్పు కారణ మొకటి గలదు. సీతాపహరణవార్తను శ్రీరాముడు ఈ కొండమీదనే విన్నాడట; కావున విన్నకొండయై, క్రమముగా వినుకొండ యైనదట. పత్తిచేలకును మిరపకళ్లములకును నడుమ నిలిచిన ఆ కొండను చూచినప్పుడెల్ల, గూఢచారి చిత్రములు రక్తికట్టు మర్మము మా ఊరిపేరులోనే యున్నదని నాకు తోచును: పోరాటమునకు ముందు వినికిడి యుండవలెను.

సుందరకాండనే తలచుకొనుడు. హనుమంతుడు సముద్రము దాటినంతనే లంకపై విరుచుకొనిపడలేదు. ప్రొద్దు గ్రుంకువరకు వేచి, దేహమును పిల్లియంత చేసికొని, మేడమేడయు వెదకి, తుదకు అశోకవనమున శింశుపావృక్షపు ఆకులమాటున ఒదిగి కూర్చుండి, తాను సంస్కృతమున పలికినచో రావణుడే వచ్చెనని సీత బెదరునేమో యని, ఏ భాషలో పలుకరింపవలెనా యని తర్కించుకొన్నాడు. వనభంగమును లంకాదహనమును ఆ పిమ్మటివి. కొమ్మమీది ఆ సంకోచమును ఎరిగిన వారము గనుకనే, తోకకు నిప్పంటినప్పుడు మన గుండె కొట్టుకొనును.

తెలుగు తెరకు ఈ వేడుకను రుచిచూపిన చిత్రము 1966లో వచ్చిన 'గూఢచారి 116'. అంతకు ముందటి యేడు 'తేనె మనసులు'లో స్కూటరు మీదినుండి కారుమీదికి దూకిన కృష్ణ సాహసమును చూచియే నిర్మాత డూండీ ఆయనను ఆ పాత్రకు ఎన్నుకొన్నాడందురు. ఆ దూకుడు ఈ జాతి చిత్రములకు ప్రాణమే, కాదనను. అయితే దూకుడొక్కటియే చాలదని 2018లో అడివి శేష్ 'గూఢచారి' నిరూపించినది. 116 అను సంఖ్యను మరల నాయకుని కిచ్చిన ఆ చిత్రము, అతని శిక్షణను తాపీగా చూపి, చేయని హత్యల నింద అతనిపై పడిన పిదపనే పరుగు పెట్టించినది. ఎవరిని నమ్మవలెనో ఎరుగనివాడు పరుగెత్తినప్పుడు ప్రేక్షకుడును వానితో పరుగెత్తును.

తెర తొలగినంతనే తుపాకులు మ్రోగించి, పది వాహనములు గాలిలోని కెగురవేయు దర్శకులకు నా విన్నప మిది: మీ నాయకుని కాసేపు తలుపుచాటున నిలుపుడు, లోపలి మాట వానికి సగమే వినబడనిండు, ఆ మిగిలిన సగమునకై హాలంతయు ఊపిరి బిగబట్టి చెవి యొగ్గును. రాముడు మా కొండపై మొదట విన్నాడు. విల్లెక్కుపెట్టుట తరువాతి మాట.