తూర్పు తీరానికి తెల్లనౌక ఏదీ?

విశాఖపట్నం: 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం విశాఖ కేంద్రంగా ఉన్న ఐఎన్‌ఎస్ నిరూపక్ ఇండోనేసియాలోని మ్యూలాబో తీరానికి తరలివెళ్లింది. సముద్రం లోతులు కొలిచి పటాలు తయారు చేయడమే ఆ నౌక అసలు పని. దానినే ఆగమేఘాల మీద ఆసుపత్రిగా మార్చి, వైద్యులను, మందులను ఎక్కించి ‘ఆపరేషన్ గంభీర్’ పేరిట పంపారు. కేవలం వైద్యానికే కేటాయించిన నౌక అప్పట్లో భారత నౌకాదళానికి లేదు. నేటికీ లేదు.

సహాయక చర్యలకు సర్వే నౌక సరిపోయింది కదా అన్న వాదన ఉన్నది. విపత్తు వేళ అది నిజమే. యుద్ధ సమయంలో మాత్రం లెక్క మారిపోతుంది. 1949 నాటి రెండో జెనీవా ఒప్పందం ప్రకారం ఆసుపత్రి నౌకపై దాడి చేయరాదు, దానిని పట్టుకోరాదు. అయితే ఆ రక్షణ ఊరకే లభించదు. నౌక పూర్తిగా క్షతగాత్రుల సేవకే పరిమితం కావాలి. పైభాగమంతా తెల్లరంగు పూసి, ముదురు ఎరుపు శిలువ గుర్తులు సముద్రం నుంచి, ఆకాశం నుంచి కనిపించేలా వేయాలి. పేరు, వివరాలు పది రోజుల ముందుగానే ప్రత్యర్థికి తెలియజేయాలి. రహస్య సంకేతాలతో వైర్‌లెస్ సందేశాలు పంపరాదు. శత్రువు వచ్చి సోదా చేస్తానంటే కాదనరాదు. గాయపడినవారు ఏ దేశస్థులైనా చికిత్స చేయవలసిందే.

విశాఖలోనే ఉన్న ఐఎన్‌ఎస్ జలాశ్వను ఈ కోణంలో చూడవలసి ఉంది. అందులో నాలుగు ఆపరేషన్ థియేటర్లు ఉన్నాయి. 2020లో కొవిడ్ వేళ మాల్దీవుల నుంచి మొదటి విడతలోనే 698 మందిని స్వదేశానికి చేర్చిన ఘనత దానిది. కానీ అది సైన్యాన్ని, ట్యాంకులను మోసే నౌక. లోపల ఎన్ని పడకలు వేసినా చట్టం దృష్టిలో అది యుద్ధనౌకే.

ఫాక్లాండ్స్ పాఠం

సర్వే నౌకలను యుద్ధంలోనూ వైద్యానికి వాడిన ఉదాహరణ లేకపోలేదు. 1982లో ఫాక్లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో తలపడిన బ్రిటన్, హెక్లా, హైడ్రా, హెరాల్డ్ అనే మూడు సర్వే నౌకలకు తెల్లరంగు వేసి అంబులెన్సులుగా నడిపింది. ‘ఉగాండా’ అనే విహార నౌక ప్రధాన ఆసుపత్రి అయింది. దీవులకు ఉత్తరాన సముద్రంలో కొంత భాగాన్ని తటస్థ ప్రాంతంగా ఇరుపక్షాలూ గౌరవించాయి. అర్జెంటీనా క్షతగాత్రులకూ ఉగాండాలో చికిత్స జరిగింది.

ప్రతిసారీ ఇలా జరుగుతుందన్న భరోసా లేదు. 1943 మే 14న ఆస్ట్రేలియా ఆసుపత్రి నౌక ‘సెంటార్’ క్వీన్స్‌లాండ్ తీరానికి చేరువలో జపాన్ జలాంతర్గామి టార్పెడోకు బలైంది. నౌకలోని 332 మందిలో 268 మంది ప్రాణాలు కోల్పోయారు. దీపాలు, శిలువ గుర్తులు అన్నీ ఉన్నా ఫలితం లేకపోయింది.

పెద్ద నౌక అయితే చాలా?

అమెరికాకు చెందిన మెర్సీ, కంఫర్ట్ నౌకలు ఒకప్పటి చమురు ట్యాంకర్లు. ఒక్కోదానిలో వెయ్యి పడకలు, 12 ఆపరేషన్ థియేటర్లు. ఇంత హంగు ఉన్నా 2010 జనవరి 12న హైతీలో భూకంపం వస్తే కంఫర్ట్ అక్కడికి చేరింది 20వ తేదీన. 2020లో న్యూయార్క్‌లో నెల రోజులు లంగరు వేసి ఉన్నా అందులో చికిత్స పొందిన వారు రెండు వందలకు లోపే. చైనా 300 పడకల ‘పీస్ ఆర్క్’ను 2010 నుంచి దేశదేశాల రేవులకు తిప్పుతున్నది. రోగులకు మందు ఇవ్వడంతో పాటు జెండా చూపించడమూ అందులో భాగమేనన్నది బహిరంగ రహస్యం.

వెయ్యి పడకల నౌకను ఏడాదంతా రేవులో కట్టి పోషించడం మనకు అవసరమా అన్నది సందేహమే. 272 మీటర్ల పొడవైన నౌక చిన్న రేవుల్లోకి రాజాలదు. విశాఖలో 2024 ఫిబ్రవరి 3న సంధాయక్, డిసెంబరు 18న నిర్దేశక్ నౌకాదళంలో చేరాయి. దాదాపు 110 మీటర్ల పొడవుండే ఈ సర్వే నౌకలను అవసరమైనప్పుడు ఆసుపత్రిగా మార్చుకునే వీలుంది. బోట్లు, హెలికాప్టర్ సౌకర్యం ఉండటం వల్ల రేవు దెబ్బతిన్న తీరానికీ సాయం అందించగలవు.

మార్చుకునే వీలు ఉండటం వేరు, మార్చి సిద్ధంగా ఉంచడం వేరు. పరికరాల పెట్టెలు ఏ గిడ్డంగిలో ఉండాలి, ఎన్ని గంటల్లో నౌక ఎక్కాలి, తీర ఆసుపత్రి నుంచి శస్త్రవైద్యులు వెళితే వారి స్థానంలో ఎవరు ఉండాలి అన్నవి తుపాను హెచ్చరిక వెలువడక మునుపే తేలవలసిన విషయాలు. యుద్ధం మాట వస్తే పది రోజుల నోటీసు నిబంధన ఎటూ ఉండనే ఉంది.