టైఫాయిడ్‌ను పేగు దాకా రానివ్వొద్దు

వానలు మొదలైతే చాలు, ఊరూరా ఇదే మాట: "విడాల్ చేయించాం, టైఫాయిడ్ అన్నారు." ఆ పూటే సెలైన్ ఎక్కుతుంది, యాంటీబయాటిక్ పడుతుంది. 1896 నాటి ఆ పరీక్ష పాత జబ్బు ఆనవాళ్లకూ, కొన్ని వేరే జ్వరాలకూ పాజిటివ్ చూపించగలదు. దాన్ని నమ్మి మందులు మింగించడం ఎంత ప్రమాదమో తెలియాలంటే, ఈ క్రిమి ఒంట్లో చేసే పనేమిటో తెలియాలి.

సాల్మొనెల్లా టైఫి కలుషితమైన నీటితోనో తిండితోనో లోపలికి వస్తుంది. కడుపులోని ఆమ్లాన్ని తట్టుకున్నవి చిన్నపేగు చివరికి చేరతాయి. పేగు లోపలి వైపు ఒకే వరుస కణాలుంటాయి, వాటి మీద జిగురు పొర ఉంటుంది. ఆ వరుసలో అక్కడక్కడా ఎం-కణాలు కనిపిస్తాయి. పేగులో ఉన్నవాటిని కాస్త కాస్త తీసి, కింద ఉన్న రక్షక కణాలకు చూపించడం వీటి పని. టైఫి సరిగ్గా ఆ దారినే పట్టుకుంటుంది. సన్నని సూదిలాంటి భాగంతో కణంలోకి తన ప్రోటీన్లు ఎక్కిస్తుంది. దాంతో కణం పొర ఉబికి, క్రిమిని తానే లోపలికి లాక్కుంటుంది.

అవతల మాక్రోఫేజ్‌లుంటాయి. క్రిముల్ని మింగి చంపాల్సిన ఈ కణాలు టైఫిని మింగుతాయి కానీ చంపలేకపోతాయి. అది వాటి లోపలే ఓ తిత్తిలో పెరిగి, వాటితోపాటే కాలేయానికీ, ప్లీహానికీ, ఎముక మజ్జకూ పాకుతుంది. పైగా 'విఐ' అనే చక్కెర పొర కప్పుకుని, రక్షణ వ్యవస్థ గుర్తుపట్టే భాగాలను దాచేస్తుంది. అందుకే జ్వరం సాధారణంగా వారం, రెండు వారాలు గడిచాకే బయటపడుతుంది. వైద్యం ఆలస్యమైతే పేగుకు చిల్లు పడి ప్రాణం మీదికి రావచ్చు. కొందరికి జబ్బు తగ్గినా క్రిమి పిత్తాశయంలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది.

ఇలా దాక్కునే క్రిమి మీద అవసరం లేని మందులు, అరకొర మందులు ప్రయోగిస్తూ పోతే అది వాటికి లొంగడం మానేస్తుంది. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో హైదరాబాద్ అనే నగరం ఉంది. 2016లో అక్కడ మొదలైన టైఫాయిడ్‌కు సెఫ్ట్రియాక్సోన్ అనే ఇంజెక్షన్ కూడా పనిచేయలేదు. నోటి మాత్రల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. 2019లో ఆ దేశం తన పిల్లలకు ఉచితంగా టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయడం మొదలుపెట్టింది. ఆ టీకా మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసినదే. క్రిమి కప్పుకునే విఐ చక్కెరనే ధనుర్వాతపు టాక్సాయిడ్‌కు జతచేసి, దాన్ని గుర్తుపట్టడం శరీరానికి నేర్పే టీకా అది. ఆరు నెలల పసివాళ్లకూ వేయొచ్చు. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం కూడా పొందింది.

సింధ్ పిల్లలకు ఉచితంగా అందిన ఆ రక్షణ, దాన్ని తయారుచేసిన నగరంలోని బస్తీ పిల్లలకు డబ్బు పెట్టి కొనుక్కుంటే తప్ప అందకపోవడం అన్యాయం. ప్రభుత్వం దాన్ని ప్రతి బిడ్డకూ ఉచితంగా వేయించాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు, రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష చేసే వసతి ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉండాలి. వీటికంటే ముందు, మంచినీటి పైపులో డ్రైనేజీ నీరు కలవకుండా చూడాలి. మున్సిపాలిటీని మనం గట్టిగా నిలదీయాల్సింది దీని గురించే. నోట్లోకి వెళ్లని క్రిమికి ఏ దొంగదారీ దొరకదు.