డ్రైవర్ నడుము ఏ లెక్కలో రాశారు?

మొన్న ఆదివారం సూర్యాపేటలో మా చిన్నాయిన లారీని షెడ్డులో పెట్టారు. ముందు షాకబ్జార్లు రెండూ ఆయిల్ కారుతున్నాయి.

"సీల్ మార్చి, ఆయిల్ పోస్తే నడుస్తది. కొత్తవి దండగ" అన్నాడు చిన్నాయిన.

"నడుస్తది సేటూ, ఎన్ని రోజులు నడుస్తదో అడుగు" అన్నాడు మేస్త్రి.

డ్రైవర్ అన్న మాత్రం ఏమీ అనలేదు. ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చెయ్యి నడుము మీద.

మా బండి మిర్యాలగూడ మిల్లులో బియ్యం ఎత్తుకుని, నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లి, అక్కడ 65వ నంబర్ హైవే ఎక్కి విజయవాడ వైపు పోతుంది. వచ్చేటప్పుడు చాలాసార్లు ఖాళీ. ఖాళీ బండే ఎక్కువ ఎగురుతుంది. ఎందుకంటే కమాన్ పట్టీలు బరువు మోయడానికి గట్టిగా చేసినవి. బరువు లేకపోతే అవి వంగవు, ఎత్తి కొడతాయి.

చాలామంది షాకబ్జారే బరువు మోస్తుందనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నా. బరువు కమాన్లదే. గుంతలో పడ్డాక కమాన్ ఊగుతూ ఉంటే, ఆ ఊపును ఆపడం షాకబ్జార్ పని. లోపల ఆయిల్‌లో పిస్టన్ కదులుతుంది. సన్నటి రంధ్రాల్లోంచి ఆయిల్ కష్టం మీద దూరుతుంది. ఆ కష్టంలో ఊపు కాస్తా వేడి అయిపోతుంది. అందుకే బండి దిగగానే మేస్త్రీలు దాని మీద జాగ్రత్తగా చెయ్యి పెట్టి చూస్తారు. ఒకటి వెచ్చగా, ఇంకోటి చల్లగా ఉందంటే, ఆ చల్లటిది పని చేయట్లేదని అనుమానించాలి.

అది పని మానేస్తే టైరు రోడ్డు మీద గంతులేస్తుంది. అక్కడక్కడా గుంతలు పడ్డట్టు అరుగుతుంది. అంతకంటే భయం ఏంటంటే, గాల్లో ఉన్న టైరుకు బ్రేక్ వేసినా లాభం లేదు.

మరి రిపేరా, కొత్తవా? మేస్త్రి మూడు విషయాలు చూశాడు.

ఒకటి, రాడ్. దాని మీద గీతలు, తుప్పు మచ్చలు ఉంటే ఎంత మంచి సీల్ వేసినా ఆ గీతలే దాన్ని మళ్లీ కోసేస్తాయి. రాడ్ అద్దంలా ఉంటే రిపేర్‌కు ఆశ ఉంది.

రెండు, మూత. మరతో విప్పేది అయితే లోపల శుభ్రం చేసి, సీల్, ఆయిల్ మార్చొచ్చు. వెల్డింగ్ చేసి మూసేసిందైతే కోసి మళ్లీ అతికించాలి. లోపల గ్యాస్ ప్రెజర్ ఉన్న రకాన్ని కోయడం ప్రాణాలతో ఆట.

మూడు, బుష్‌లు. టకటక శబ్దం వాటిదే అయి, షాకబ్జార్ పొడిగా ఉంటే, బుష్‌లు మార్చుకుంటే చాలు. బాడీ మీద సన్నటి ఆయిల్ తడికి కంగారు పడక్కర్లేదు. చుక్కలుగా కారితేనే కథ.

మా బండివి వెల్డింగ్ మూతలు. పైగా ఎడమ రాడ్ నిండా గీతలు. "అయితే ఎడమది కొత్తది, కుడిది రిపేర్" అన్నాడు చిన్నాయిన. మేస్త్రి ఒప్పుకోలేదు. ఒక యాక్సిల్‌కు రెండు వైపులా ఒకే బలం ఉండాలి, మారిస్తే జంటగా మార్చాలన్నాడు.

చిన్నాయిన ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు. కొత్తవాటి ధర, రిపేర్ ఖర్చు. నేను పక్కన ఇంకో రెండు కలిపించా. అరిగే టైరు, మళ్లీ షెడ్డులో బండి ఆగే రోజు. తేడా చాలావరకు కరిగిపోయింది.

అప్పుడు డ్రైవర్ అన్నను అడిగా, "ఎప్పట్నించి ఇట్లుంది అన్నా?"

"వానలప్పట్నించి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే బండి ఆపుతరు తమ్మీ. బండి ఆగితే నా బత్తా ఆగుతది."

చిన్నాయిన కాలిక్యులేటర్ మూసేశాడు. కొత్తవి జంటగా వేయించాడు. ఆ రెండు రోజుల బత్తా కూడా ఇచ్చాడు.

మీ ఇంట్లో లారీ ఉంటే ఒక్కసారి కోదాడ నుంచి సూర్యాపేట దాకా ఖాళీ బండిలో, డ్రైవర్ పక్కన కూర్చుని రండి. రిపేరా, కొత్తవా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోండి.