గుండె కూడా కండరమే!

బరువు ఎత్తే చేతికి బలం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ గుట్టు విప్పిన వారిలో గోదావరి బిడ్డ ఒకరున్నారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, తర్వాత అమెరికా వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల్లో గుర్తించారు. చెయ్యి కదిలినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది ఆ ఏటీపీయే.

భీమవరం, రాజమండ్రి, కాకినాడ జిమ్ములకు వెళ్లే కుర్రాళ్లకు ఇప్పుడు క్రియాటిన్ డబ్బా కొత్తేమీ కాదు. చేపల్లో, మాంసంలో సహజంగా ఉండే పదార్థమే అది. క్రీడల్లో దానిపై నిషేధం లేదు. అసలు ప్రమాదం, త్వరగా కండలు రావాలని వాడే అనబాలిక్ స్టెరాయిడ్లతోనే.

ఇవి మగ హార్మోను టెస్టోస్టిరాన్, దాన్ని పోలిన మందులు. ఉబ్బసానికి డాక్టర్లు రాసే స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పరుగు గెలిచిన బెన్ జాన్సన్ పతకం పోయింది స్టానజోలాల్ అనే ఇలాంటి మందు వల్లే. పతకం పోతే పరువు పోతుంది. గుండె దెబ్బతింటే ప్రాణానికే ముప్పు.

కండలు పెంచే మందు గుండె కండరాన్నీ వదలదు. వ్యాయామంతోనూ గుండె కాస్త పెరుగుతుంది గానీ, సాగే గుణం పోదు. స్టెరాయిడ్లు వాడేవారిలో ఎడమ జఠరిక గోడ మందమై బిరుసెక్కుతుంది. బీపీ పెరుగుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోయి, చెడ్డది పెరుగుతుంది. ఎర్రకణాలు ఎక్కువై రక్తం చిక్కబడుతుంది.

అమెరికాలో బరువులెత్తే 140 మంది మగవారిని పరీక్షించి, 2017లో ఫలితాలు ప్రకటించారు. స్టెరాయిడ్లు ముట్టని వారి ఎడమ జఠరిక, నిండిన రక్తంలో సగటున 63 శాతాన్ని ఒక్కో స్పందనకు బయటికి పంపుతోంది. వాడుతున్న వారిలో అది 49 శాతమే! మానేసి ఉన్నవారిలో 58. మానితే మేలే అన్నమాట. అయితే జీవితంలో వాడిన మోతాదు పెరిగేకొద్దీ గుండె రక్తనాళాల్లో పూడిక ఎక్కువగా కనిపించింది.

ఇదంతా పోటీలకెళ్లే వారి గొడవ అనుకోవద్దు. డెన్మార్క్‌లో జిమ్ముల తనిఖీల్లో పట్టుబడిన 1,189 మందిని సుమారు 11 ఏళ్లపాటు గమనించి, 2024లో వివరాలు వెల్లడించారు. మామూలు మగవారితో పోలిస్తే వీరికి గుండెపోటు ముప్పు మూడు రెట్లు, గుండె కండరం దెబ్బతినే జబ్బు దాదాపు తొమ్మిది రెట్లు.

కొద్ది వారాల్లోనే అబ్బాయి ఒళ్లు అమాంతం మారిపోయినా, వీపు నిండా మొటిమలు వచ్చినా, చీటికీమాటికీ కోపం తెచ్చుకుంటున్నా నెమ్మదిగా అడగాలి. తిడితే దాచేస్తాడు. వాడినట్లు తెలిస్తే డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పి బీపీ, కొలెస్ట్రాల్, ఈసీజీ, ఎకో పరీక్షలు చేయించాలి. మానడం కూడా డాక్టరు పర్యవేక్షణలోనే మంచిది. ఒంట్లో సొంత హార్మోను మళ్లీ తయారవడానికి నెలలు పట్టవచ్చు, ఈలోగా దిగులు ఆవరిస్తుంది. ఛాతీ నొప్పి, ఆయాసం, గుండెదడ, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి ఉంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చెయ్యి అలసిపోతే డంబెల్ కింద పెట్టొచ్చు. రోజుకు లక్షసార్లు కొట్టుకునే గుండెకు ఆ వీలు లేదు.