చిత్తం అనే మాట

పెనుగొండలో ఒక ఇంటి ప్రార్థన. ముందుగదిలో మంచం ఎత్తి గోడకు ఆనించారు. కింద రెండు చాపలు, గుమ్మం దగ్గర పక్కింట్లోంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు. పాటలయ్యాక సాక్ష్యాల వంతు వచ్చింది. 50 దాటిన ఒకామె కొంగు తలమీదికి సర్దుకుని లేచింది. కువైట్‌లో 11 ఏళ్లు ఇంటిపనికి ఉండి వచ్చినామె. వెళ్లేముందు చెప్పిన జీతం ఒకటి, అక్కడ చేతికొచ్చింది ఇంకొకటి. ఆ కష్టాన్ని సాగదీసి చెప్పలేదు. "వెళ్తానన్నది నేనండి. తీసుకెళ్లి తీసుకొచ్చింది ప్రభువండి. మోసం చేసింది ఏజెంటండి" అంది. అందరికీ వందనాలు చెప్పి కూర్చుంది.

ఆ మూడు వాక్యాలు చాలాకాలం మనసులోంచి పోలేదు. తన నిర్ణయాన్ని తన దగ్గరే ఉంచుకుంది. మేలును దేవుడికి రాసింది. కీడును, దాన్ని చేసినవాడి పేరుమీదే వదిలింది. ఒకరి వాటా ఇంకొకరికి పోలేదు.

ఈ వాటాలు తేల్చడానికి క్రైస్తవ లోకం 1600 ఏళ్లుగా తలపట్టుకుంటోంది. అంతా దేవుడి సంకల్పమే అయితే మనిషి నిర్ణయానికి విలువేమిటి? మనిషి నిర్ణయమే అన్నిటినీ తేల్చేస్తే దేవుడు సర్వాధికారి ఎలా అవుతాడు? ఐదో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్, మనిషి దేవుడి వైపు తిరగడం కూడా దేవుడిచ్చే కృపేనన్నాడు. చేయగల శక్తి లేనివాణ్ణి చేయమని దేవుడు ఎలా ఆజ్ఞాపిస్తాడని సన్యాసి పెలేజియస్ ఎదురు నిలిచాడు. 1524లో పండితుడు ఎరాస్మస్ మనిషి స్వేచ్ఛ తరఫున పుస్తకం రాస్తే, మరుసటి ఏడాదే సంస్కర్త లూథర్ దానికి ఘాటైన జవాబు రాశాడు. 1618లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో మొదలైన మహాసభ, మనిషి నిర్ణయానికి చోటిచ్చిన ఆర్మినియస్ శిష్యుల వాదాన్ని తోసిపుచ్చింది. వారిలో ఎందరో బోధకులు పదవులు పోగొట్టుకున్నారు, దేశం విడిచారు. దేవుడి కృప గురించి మొదలైన చర్చ అక్కడిదాకా వెళ్లడం బాధ కలిగిస్తుంది.

అదే చరిత్రలో మనసును తేలికపరిచే ఘట్టం కూడా ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ, జార్జి వైట్‌ఫీల్డ్ ప్రాణస్నేహితులు. కృప అందరికీ తెరిచి ఉందని వెస్లీ, దేవుడు ముందే ఏర్పరచుకున్నవారికేనని వైట్‌ఫీల్డ్. ఈ మాట మీద ఇద్దరికీ గట్టిగా చెడింది. కానీ 1770లో వైట్‌ఫీల్డ్ పోయినప్పుడు సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. అలా చేయాలని వైట్‌ఫీల్డే కోరుకున్నాడు. సిద్ధాంతం మీద రాజీపడకుండానే మనిషిని వదులుకోకుండా ఉండవచ్చని ఆ ఇద్దరూ చూపించారు.

గోదావరి జిల్లాలకు బాగా దగ్గరైన లూథరన్ సంఘానిది ఇంకో దారి. 1577లో వారు కూర్చుకున్న విశ్వాస పత్రం, రక్షణ పూర్తిగా దేవుడి పనేనంటుంది. నాశనానికి బాధ్యత మాత్రం మనిషిదేనంటుంది. ఈ రెండూ ఎక్కడ ఎలా అతుకుతాయో మన బుద్ధితో తవ్వుకుంటూ పోవద్దని ఆగిపోతుంది. తర్కంతో చూస్తే ఇది అసంపూర్తిగా కనిపిస్తుంది. కువైట్ నుంచి వచ్చినామె లెక్కను దీని పక్కన ఉంచి చూస్తే మాత్రం, బతికినవాళ్లు చెప్పే మాట ఇలాగే ఉంటుందనిపిస్తుంది. అంతకు చాలా ముందే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలో, మీ రక్షణ కోసం భయంతో పాటుపడమంటాడు. ఆ వెంటనే, మీలో ఆ పని జరిగిస్తున్నది దేవుడేనంటాడు. రెండు మాటలకీ నడుమ అతను పెట్టిన ముడి 'అయినా' అని కాదు, 'ఎందుకంటే' అని. మన వాదాలన్నీ 'అయినా' దగ్గర మొదలవుతాయి.

ఇది క్రైస్తవులకు మాత్రమే వచ్చిన ప్రశ్న కూడా కాదు. కోతిపిల్ల తల్లి పొట్టను తనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూనను తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. భగవంతుడి ముందు జీవుడు ఈ రెంటిలో ఎవరిలాంటివాడని శ్రీవైష్ణవులు వడగలై, తెంగలై అని రెండు దారులయ్యారు. పెనుగొండ ఊరి గాథలోనూ ఈ ప్రశ్న ఉంది. ఆర్యవైశ్యుల కులదేవత వాసవీ అమ్మవారి అవతారమే దైవసంకల్పం అంటారు. అయినా అమ్మవారి అగ్నిప్రవేశం వేళ గుండం ముందు నిలబడినప్పుడు వైశ్యులు ఎవరికి వారే తేల్చుకోవలసి వచ్చింది. 102 గోత్రాలవారు అమ్మవారి వెంట నడిచారు, మిగిలినవారు నడవలేదు. ఆ నిర్ణయాన్ని ఈ ఊరు ఇప్పటికీ గోత్రం గోత్రంగా తలుచుకుంటుంది.

మళ్లీ ప్రార్థన జరిగిన ఇంటికి వద్దాం. ఆ సాయంత్రం అక్కడ అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడిన మాట 'చిత్తం'. ప్రభువు చిత్తం, దేవుని చిత్తం. ఇక్కడ చిత్తమంటే సంకల్పం. కానీ గోదావరి డెల్టా పల్లెల్లో ఈ మాటకు ఇంకో వాడుక ఉండేది. అరుగు మీద కూర్చున్న దొర ఏదైనా చెబితే, కింద నిలబడ్డ పాలేరు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అనే మాట అది. "చిత్తం." తమ మనసులో ఏముంటే అదేనండి, నా మనసుతో పనిలేదండి అని దాని అర్థం. ఏ బావి దగ్గరికి పోకూడదో, ఏ వీధిలో చెప్పులు చేత పట్టుకోవాలో, తెల్లారి ఎవరి చేలో దిగాలో, కొడుకును ఏ వయసులో జీతానికి పెట్టాలో, ఊరి బయటి దళిత పేటలో పుట్టిన మనిషికి అన్నీ ఇంకొకరి చిత్తాలే.

19వ శతాబ్దంలో ఈ పేటల్లోంచే జనం బాప్తిస్మానికి వచ్చి నిలబడ్డారు. బడి కోసం వచ్చారని, కరువులో గంజి కోసం వచ్చారని, దొర దెబ్బ నుంచి కాపు కోసం వచ్చారని అనేవారున్నారు. అవీ ఉండే ఉంటాయి. ఆకలితో ఉన్నవాడు తీసుకున్నది నిర్ణయమే కాదనడం మాత్రం న్యాయం కాదు. ఎవరి అనుమతీ అడక్కుండా తమంతట తాము వేసిన మొదటి అడుగు ఎందరికో అదే అయి ఉంటుంది. దానికి వెల కూడా కట్టారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవం తీసుకున్న దళితులకు షెడ్యూల్డు కులాల హోదా పోయింది. వారి వారసులు ఇప్పటికీ ఆ వెల కడుతున్నారు.

ఇంతటి నిర్ణయం తీసుకున్నవారు దాన్ని ఏమని చెప్పుకున్నారు? "నేను దేవుణ్ణి ఎంచుకున్నాను" అని అరుదుగా అంటారు. "ఆయన నన్ను ఏర్పరచుకున్నాడు" అంటారు. ఏర్పాటు అన్న ఈ సిద్ధాంతం ఐరోపాలో ఎవరు లోపల, ఎవరు బయట అన్న భయంకరమైన ప్రశ్నగా తయారైంది. పేటలో దాని అర్థం వేరు. ఎవరూ ఏరుకోని మనిషిని ఒకరు ఏరి కోరుకున్నారు. ఊరి బయట ఉంచిన మనిషికి లోపలి నుంచి పిలుపొచ్చింది. పైన ఒకాయన చిత్తం ఉందన్నాక అరుగు మీది దొర చిత్తం అదివరకంత పెద్దగా కనిపించలేదు. దేవుడి సర్వాధికారం మనిషి స్వేచ్ఛను మింగేస్తుందని పుస్తకాల్లో భయపడతారు. ఇక్కడ అది మనిషి వెన్ను నిటారుగా నిలబెట్టింది. ఈ సంగతి వేదాంత గ్రంథాల్లో ఇంకా చాలినంతగా చేరలేదని మా అభిప్రాయం.

ఈ నేలకు సువార్త తెచ్చినవారిలోనూ రెండూ కలిసే కనిపిస్తాయి. రాయి చెక్కే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్ 1836లో ఇంగ్లండు నుంచి వచ్చారు. తర్వాత నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. ఏ మిషన్ జీతమూ లేదు, దేవుడే పోషిస్తాడన్న నమ్మకం మీదే బయల్దేరారు. అలాగని చేతులు ముడుచుకోలేదు. ఎండకు మాడుతూ తెలుగు నేర్చుకున్నారు, ఊరూరా తిరిగారు. 1869లో అమెరికా లూథరన్లు రాజమండ్రి పనిని వదులుకుని ఇంకో మిషన్‌కు అప్పగించబోతున్నారు. గుంటూరులో 1842లోనే పని మొదలుపెట్టి, తర్వాత తిరిగి వెళ్లిపోయిన మిషనరీ హేయర్ ఆ మాట విన్నాడు. వద్దు, నేను వెళ్తానని లేచాడు. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. ఆ ఏడాది చివరికల్లా రాజమండ్రిలో ఉన్నాడు. అది ఆయన పట్టుదలా, దైవసంకల్పమా అని ఆయన్నే అడిగి ఉంటే, పెట్టె సర్దుకుంటూ ఆ ప్రశ్నకు ఆగి ఉండేవాడు కాదనిపిస్తుంది.

'చిత్తం' అనే ఇంత మంచి మాట అపాత్రంలోనూ పడుతుంది. పసిబిడ్డ పోయిన ఇంటికి పరామర్శకు వెళతారు. ఆ తల్లి గోడకు జారగిలబడి ఉంటుంది. ఆమె పాలు ఇంకా ఇంకలేదు. వచ్చినవారిలో ఒకరు పక్కన కూర్చుని "ప్రభువు చిత్తం అమ్మా" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాట ఆమె నోట రావాలి. నెలలో రావచ్చు, పదేళ్లకు రావచ్చు, ఎప్పటికీ రాకపోవచ్చు. ఆమె నోట వస్తే అది విశ్వాసం. మన నోట వస్తే ఆమె ఏడుపు మీద మూతపెట్టడమవుతుంది. గెత్సేమనే తోటలో యేసు కూడా తండ్రి చిత్తానికి తలవంచే ముందు, ఈ గిన్నె నా నుంచి తప్పించమని అడిగాడు. నేల మీద పడి అడిగాడు. మళ్లీ మళ్లీ అడిగాడు. పక్కన తోడు ఉండమని శిష్యులను బతిమాలాడు, వాళ్లు నిద్రపోయారు. తలరాతకూ చిత్తానికీ తేడా అక్కడే ఉంది. రాతతో మాట్లాడలేం. చిత్తం ఉన్నవాణ్ణి అడగవచ్చు, ఎందుకని నిలదీయవచ్చు, ఆయన ముందు ఏడవవచ్చు. ఆ అడగడం, ఏడవడం లేకుండా నేరుగా "చిత్తం" దగ్గరికి వెళ్లమని మనం ఎదుటివారిని తొందరపెడితే వాళ్ల చేతిలో పెట్టేది తలరాతనే.

ఏజెంటు మోసం చేసినప్పుడు, కూలి డబ్బు ఎగ్గొట్టినప్పుడు, తాగి బండి నడిపి ఒకరి ప్రాణం తీసినప్పుడు "అంతా దేవుడి చిత్తం" అనేవారు కూడా ఉన్నారు. అక్కడ ఆ మాట తప్పు చేసినవాణ్ణి వెనక గుమ్మంలోంచి సాగనంపుతుంది. కువైట్ నుంచి వచ్చినామె సాక్ష్యంలో అన్నిటికన్నా గొప్ప వాక్యం మూడోదని మాకనిపించడానికి కారణం ఇదే. ప్రభువును అంతగా నమ్మిన మనిషి, ఏజెంటు పాపాన్ని ప్రభువు మీద వేయడానికి ఒప్పుకోలేదు.

1986 ఆగస్టు వరదను చూసినవారు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్టు కాపలా అంటే ఏమిటో వారినడగాలి. వానలో లాంతర్లు పట్టుకుని గట్టు మీద బారులు తీరిన మనుషులు. ఎక్కడ చెమ్మ ఊరుతుందోనని పాదంతో తడిమి చూసుకునే నడక. బుగ్గ కనబడగానే కేక. ఇసుక బస్తాలు చేతి నుంచి చేతికి. గుళ్లో దీపం వెలుగుతోంది, చర్చిలో ఆడవాళ్లు మోకాళ్ల మీద ఉన్నారు. ప్రార్థిస్తున్నాం కదా అని బస్తా దించినవాడు లేడు. బస్తా మోస్తున్నాం కదా అని ప్రార్థన మానినవాళ్లూ లేరు. ఆ పెద్దల మాటల్లో ఇంకొకటి వినిపిస్తుంది. గట్టు నిలిచిన ఊరి గురించి దేవుడు కాపాడాడంటారు. తెగిన ఊరి గురించి దేవుడు తెంపాడనరు, అక్కడ గట్టు బలహీనంగా ఉందంటారు. వాళ్లు 1577 నాటి పత్రం చదవలేదు.

పెనుగొండ ఇంట్లో ప్రార్థన ముగిశాక టీ గ్లాసులు వచ్చాయి. కువైట్ నుంచి వచ్చినామే స్వయంగా వచ్చి చేతిలో ఒక శుభలేఖ పెట్టింది. కొడుకు పెళ్లి. ముఖచిత్రం మీద రెండు పావురాలు, పెళ్లి తేదీకి పైన చిన్న అక్షరాల్లో 'ప్రభువు చిత్తమైతే' అని అచ్చయి ఉంది. షామియానాకు, కుర్చీలకు అడ్వాన్సు ఇచ్చేశామని చెప్పింది. తప్పకుండా రావాలంది. మర్యాదకు మనం అనే మాటే అన్నాం, ప్రభువు చిత్తమైతే వస్తామమ్మా అని.

ఆమె గ్లాసు అందుకుంటూ నవ్వింది. "ఆయన చిత్తం ఎలాగూ ఉంటదండి. మీరొస్తారో రారో అది చెప్పండి. వంటాయనకి లెక్క ఇవ్వాలండి."